తాలు ఏరిన బొమ్మ

"మజ్జిగ తాగి పో" అన్నాను.

"ఉప్పు ఎక్కువేసుంటావ్" అన్నాడు.

"వేశాను. తాగితే తాగు, లేకపోతే మానెయ్."

"వచ్చి తాగుతాలే, మూత పెట్టు" అని నవ్వి కల్లంలోకి వెళ్ళాడు మా ఆయన.

మేమిద్దరం ఆఖరుగా మాట్లాడుకున్నది అంతే. ఇంకేమన్నా అన్నాడేమోనని ఏడాదిగా వెతుక్కుంటున్నాను. ఏమీ లేదు. మా ఊరి ఆసామి మిరపకాయలు ఆరబోసిన కల్లం అది. పొద్దున పదకొండు అయ్యుంటుంది. ఎండుతున్న కాయల్ని కాళ్ళతో తిరగేసుకుంటూ అవతలి అంచు దాకా వెళ్ళాడు. అలసిపోయినవాడు కూర్చున్నట్టే కూర్చున్నాడు, పక్కకి ఒరిగిపోయాడు. అద్దంకి ఆసుపత్రికి తీసుకెళ్తే, గుండె ఆగి చాలాసేపయిందన్నారు.

ఇది నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. అదీ ఒకసారి పెట్టినట్టు ఇంకోసారి ఉండదు. వచ్చే ఆదివారం మా పాలెం చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. సంవత్సరం నిండింది. ఆ రోజు ఇంటివాళ్ళు లేచి నిలబడి, పోయిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పాలి. నేను లేస్తే మాట రాదు, ఏడుపొస్తుంది. మాకు పిల్లల్లేరు. అందుకని నా బదులు ఈ పిల్ల చదువుతుంది. పాస్టరు గారు అయిదు నిమిషాలన్నారు. దాటుతుంది. భోజనాలు ఎటూ కాస్త ఆలస్యమే అవుతాయి, కూర్చోండి.

కూడిక అంటే ముందర ఒక ఫొటో పెట్టాలి. ఆయనది ఫొటో లేదు. పెళ్ళినాటిది గోడ మీదే చెదలు తినేసింది. ఇక మిగిలింది ఆధార్ కార్డు మీదది. అది తీసిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఈయన కెమెరా వంక చూసి నవ్వబోతే, కంప్యూటర్ ముందు కూర్చున్నాయన "నవ్వకూడదు, మెడ ఎత్తు, కదలకు" అన్నాడు. మెడ ఎత్తాడు, ఊపిరి బిగబట్టాడు, కళ్ళు పెద్దవి చేశాడు. దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా వచ్చింది. దాన్నే పెద్దది చేయించి, వెనకాల మేఘాలూ తెల్ల పావురాలూ పెట్టి ఫ్లెక్సీ వేయిద్దామన్నారు మా బావగారు, అంటే ఆయన అన్న.

"ఆ ముఖం నా మొగుడిది కాదు బావగారూ" అన్నాను.

"మరెవరిదమ్మా? ప్రభుత్వం వాళ్ళే ఇచ్చారు."

"ప్రభుత్వం వాళ్ళు ఆయన్ని ఎప్పుడన్నా పొలంలో చూశారా?"

అన్నానే గానీ నాకు లోపల భయం పట్టుకుంది. ఆ ఫ్లెక్సీ ఒకసారి చర్చిలో కట్టారంటే, తర్వాత ఇంటికి తెచ్చి గోడకి కడతారు. రోజూ దాన్ని చూస్తూ చూస్తూ, కొన్నాళ్ళకి నాకూ ఆ ముఖమే గుర్తుంటుంది. అసలు మనిషి పోతాడు. ఒకసారి పోయాడు, చాలదా?

ఆ భయంతోనే గుంటూరు వచ్చాను. వచ్చింది కంటికి. కుడి కన్నులో శుక్లం తీయించుకుని ఇరవై రోజులు ఈ రాస్తున్న మేనకోడలి దగ్గరే, బ్రాడీపేటలో మూడో అంతస్తులో. అది ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఇంటి నిండా రంగుల డబ్బాలే, పప్పు డబ్బా కావాలంటే వెతుక్కోవాలి. గంటగంటకీ నా కంట్లో చుక్కలు వేస్తూ, ఖాళీ ఉన్నప్పుడు నాకు బొమ్మల పుస్తకం చూపించేది. దేశం కాని దేశంలో, మా ముత్తాతల నాడు వేసిన బొమ్మలట. పొలం పనులు చేసుకునేవాళ్ళే ఎక్కువ. ఒకదాంట్లో ఆడవాళ్ళు తోటలో గడకర్రతో పళ్ళు రాలుస్తున్నారు, ఇంకోదాంట్లో గడ్డి కుప్పలు వేస్తున్నారు. బొమ్మంతా చుక్కలు.

"ఇదేంటే, బొమ్మకి అమ్మవారు పోసిందా?" అన్నాను.

పడీ పడీ నవ్వింది. "రంగులు కలపరు అత్తా. ఎర్ర చుక్క పక్కన పసుపు చుక్క, దాని పక్కన నీలం చుక్క, అలా పెట్టి వదిలేస్తారు. కలిపేది నీ కన్నే. దగ్గర్నుంచి కాదు, గుమ్మం దగ్గరికి వెళ్ళి చూడు."

పుస్తకం కుర్చీలో నిలబెట్టింది. నేను గుమ్మం దాకా వెనక్కి నడిచాను. చుక్కలు పోయాయి. చెట్టు నీడ పడింది. గడకర్ర పట్టుకున్న ఆడమనిషి మెడ మీద ఎండ తగులుతోంది.

"ఎలా ఉంది?"

"బాగుంది. దూరం నుంచి చూస్తే కూలిపని ఎప్పుడూ బాగానే ఉంటుంది."

"అబ్బ, అత్తా!"

"అబ్బ లేదు, గిబ్బ లేదు. ఇంతమంది పనిచేస్తున్నారు, నీళ్ళ బిందె ఏదీ? ఆ వెనకాల పిల్ల చూడు, నడుం దగ్గర వంగింది. సాయంత్రానికి లేవగలదా? మోకాళ్ళ దగ్గర వంగాలి. ఇది వేసినాయన ఒక్క రోజన్నా కోతకి వెళ్ళాడా?"

"వెళ్ళి ఉండడు. కానీ ఈ ఒక్క బొమ్మకే నెలల తరబడి కూర్చుని చుక్కలు పెట్టి ఉంటాడు."

అప్పుడు కాస్త మెత్తబడ్డాను. నెలల తరబడి వంగి చుక్కా చుక్కా పెట్టడమంటే, మేం మొక్కకీ మొక్కకీ వంగి కాయా కాయా కోసినట్టే. ఆయనదీ కూలిపనే. కాకపోతే నీడలో.

పుస్తకం మూసిన తర్వాత కూడా నేను ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. ఎందుకంటే నా మొగుణ్ణి నేను మొదట చూసింది ఒక చుక్కలాగే.

కాపురానికి వచ్చిన ఏడు, పత్తి తీతకి కూలీల ముఠాతో వెళ్ళాను. ఒడి కట్టుకుని వరసలో నిలబడితే, మా ముందర పొలమంతా తెల్లగా, ఆ చివర మబ్బుకి అంటుకున్నట్టు ఉండేది. మా ఆయన ఆ చివర ఇంకో పొలంలో మిరపకి మందు కొడుతున్నాడు. నా పక్క వరసలో ఒక పెద్దావిడ ఉండేది, నోరు ఊరుకోదు.

"ఏమేవ్ కొత్త పెళ్ళికూతురా, నీ మొగుడొస్తున్నాడు. పైట సర్దుకో!"

"ఎక్కడ పిన్నీ? నాకు అంతా మచ్చల్లా కనపడుతుంటే."

"ఆ మచ్చల్లో ఎడమపక్కకి ఒరిగింది చూడు, అదే నీ మొగుడు. మిగతా మచ్చల జోలికి పోకు, వాటికి వేరే పెళ్ళాలున్నారు!"

ముఠా అంతా ఒకటే నవ్వు. నేను సిగ్గుతో తల దించుకున్నాను గానీ ఓరగా చూశాను. నిజమే. వీపున మందు ట్యాంకు మోసీ మోసీ ఆయన ఎడమ భుజం కొంచెం కిందికి ఉండేది. నడిస్తే ఎడమ అడుగు ముందు పడి, కుడి అడుగు దాన్ని అందుకోవడానికి వచ్చినట్టు ఉండేది. ఆ రోజు నుంచీ ఎంత దూరంలో ఉన్నా, ఎంతమందిలో ఉన్నా, ఆయన్ని పోల్చుకోవడానికి నాకు ముఖం అక్కర్లేదు. ఆయన పొలంలో ఉంటే నా పని తేలిగ్గా సాగేది. ఎందుకో చెప్పలేను. అటు తలెత్తి చూస్తే మచ్చ కదులుతూ ఉండాలి, అంతే.

మిరప సీజను వస్తే ఇద్దరం ఒకే కల్లంలో. కోసిన కాయలు బస్తాల్లో వచ్చి, నేలంతా ఎర్రగా పరుచుకునేవి. వాటిని రోజుకి నాలుగైదు సార్లు తిరగెయ్యాలి. మగవాళ్ళు అడుగు ఎత్తకుండా పాదాలు ఈడ్చుకుంటూ కాయల మధ్య నడుస్తారు. కింద ఉన్నవి పైకొస్తాయి. మా ఆయన నడిచిన చాళ్ళు తిన్నగా ఉండేవి, చూడగానే తెలిసేది. మేం ఆడవాళ్ళం పక్కన తాటాకు పందిరి కింద గొంతుక్కూర్చుని తాలు ఏరేవాళ్ళం. పండీ పండక, పురుగు కొట్టి, తడి తగిలి తెల్లబడిపోయిన కాయలు తాలు. ఎర్ర కాయల్లోంచి వాటిని తీసి పక్కన వేరే కుప్ప పెట్టాలి. ఒక్క తెల్ల కాయ ఎర్ర కాయల్లో మిగిలినా మేస్త్రి ఊరుకోదు. కొత్తలో కళ్ళతో వెతికి తీస్తాం. నాలుగు సీజన్లు పోయాక కళ్ళతో పనిలేదు. నోరు ఊరి సంగతులు మాట్లాడుతూ ఉంటుంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

సాయంత్రానికి నా చేతులు నిప్పుల్లో పెట్టినట్టు ఉండేవి. ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. అన్నంలో చెయ్యి పెడితే వేళ్ళు మండేవి. ఆయనకేమో పాదాలు మంట, చేతులు బాగానే ఉండేవి. అందుకని సీజన్ ఉన్నన్నాళ్ళు ముద్ద ఆయన కలిపి పెట్టేవాడు, నేను తిన్నాక ఆయన పాదాలకి కొబ్బరినూనె రాసేదాన్ని. నూనె రాయడానికి చేతులు పనికొచ్చేవా అంటే, నూనె నా చేతులకీ హాయిగానే ఉండేది. ఇద్దరి మంటకీ ఒకే సీసా.

పక్కింటామె ఒకసారి చూసి, "ఏందన్నా, వదినకి చేతులు పడిపోయాయా?" అంది.

"పెద్ద పెద్ద ఇళ్ళల్లో రాణులకి ఇట్టాగే పెడతారంట. నీకు తెలియదులే" అన్నాడు ఈయన. నోట్లో ముద్ద ఉండి నాకు పొలమారింది.

ఇవన్నీ నేను మా మేనకోడలికి చెబుతూ పోయాను. అది విని విని, ఒక రోజు "అత్తా, ఫ్లెక్సీ వద్దు. మావయ్య బొమ్మ నేను వేస్తాను. కల్లం మొత్తం వేస్తాను, ఆ పుస్తకంలో వాటిలా చుక్కలతో" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. స్కూలు నుంచి రావడం, టీ తాగడం, నేల మీద గుడ్డ పరిచి చుక్కలు పెట్టడం. పది రోజులు పట్టింది. నేను పక్కన కూర్చుని పందిరి ఎటువైపు, బస్తాలు ఎటువైపు అని చెప్పేదాన్ని. ఆ పదో రోజు మాత్రం పొద్దున్నే పాలెంలో ఎవరిదో కార్యానికి వెళ్ళి రాత్రికి వచ్చాను. నేను లేనప్పుడే అది మా ఆయన్ని పెట్టింది.

మర్నాడు పొద్దున స్కూలుకి వెళ్తూ, "అత్తా, బొమ్మ అయిపోయింది. రంగు పచ్చిగా ఉంది, ఆరడానికి వారం పడుతుంది. నేల మీదే ఉండనీ, ఫ్యాను వెయ్యి. చీమలు పట్టకుండా చూడు" అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను చూశాను. బాగా చూశాను. ఫ్యాను వేసుకుని బొమ్మ పక్కన గొంతుక్కూర్చున్నాను. నా ముందర అంతా ఎరుపు. కొత్త కంటికి ఆ ఎరుపు ఎంత బాగుందో! శుక్లం తీయకముందు నాకు అన్నీ మురికి పసుపులో ముంచినట్టు కనపడేవి. ఇప్పుడు ఎరుపు ఎరుపే, తెలుపు తెలుపే. మనసు ఎటో పోయింది. పందిరి, తాటాకు చప్పుడు, ఆడవాళ్ళ మాటలు, వాసన కూడా వచ్చినట్టే అనిపించింది. అట్లా ఎంతసేపు కూర్చున్నానో.

నేను పొరపాటున చేశానని చెప్పను, కావాలని చేశాననీ చెప్పను. నా చెయ్యి చేసింది. ఎర్ర చుక్కల మధ్య తెల్లవి కనపడ్డాయి. గోటితో ఒకటి తీశాను. వచ్చేసింది. పక్కన పేపరు ఉంటే దాని మీద పెట్టాను. ఇంకోటి తీశాను. పచ్చి రంగు వెన్నలా వస్తోంది. ఎంత శ్రద్ధగా ఏరానంటే పక్కన ఉన్న ఎర్ర చుక్క ఒక్కటీ చెదరలేదు. తెల్లవీ, లేత పసుపువీ, బూడిద రంగువీ, అన్నీ ఏరి పేపరు మీద చిన్న కుప్ప పెట్టి, లేచి నడుం సర్దుకుని, చేతులు కడుక్కుని పడుకున్నాను. పని చేసిన రోజు పట్టే నిద్ర పట్టింది.

మధ్యాహ్నం మేనకోడలు తలుపు తీసుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తా! మావయ్యేడీ?"

"ఏడీ అంటావేంటే? పోయి సంవత్సరం అవలేదూ!"

"అయ్యో అది కాదత్తా! బొమ్మలో మావయ్యేడీ? ఇక్కడ పెట్టాను కదా, మధ్యలో. తెల్ల బనీను, తెల్ల తలగుడ్డ..."

అప్పుడు దానికి పేపరు కనపడింది. కుప్ప కనపడింది. నా గోళ్ళు కనపడ్డాయి, కడిగినా చివర్లలో తెలుపు మిగిలి ఉంది.

నేనూ గుమ్మం దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. కల్లం ఉంది, పందిరి ఉంది, ఎండ ఉంది. మనిషి లేడు. మధ్యలో ఖాళీ. పేపరు మీద బఠాణీ గింజంత రంగు ముద్ద, అందులో మా ఆయన.

అక్కడే కూలబడ్డాను. "తాలు అనుకున్నానే... తాలు అనుకుని ఏరేశానే..." అని ఏడుపు మొదలెట్టాను. ఆ పిల్ల ముందు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "తాలా? మావయ్య తాలా అత్తా?" అని నేల మీద కూర్చుని నవ్వుతోంది. దాన్ని చూసి నాకూ నవ్వొచ్చింది. ఆయన ఉంటే అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. "నన్నే ఏరి పారేసిందిరా" అని ఊరంతా చెప్పుకునేవాడు. ఆ మాట అనుకోగానే ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది.

కాసేపటికి అది కుంచె తీసింది. "పర్లేదత్తా, మళ్ళీ పెడతాను. అక్కడే పెట్టేస్తాను."

"అక్కడ వద్దు" అన్నాను.

"ఎందుకు?"

"మధ్యలో నిలబెట్టావటగా. కల్లం మధ్యలో నిలబడేది ఆసామి. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతాడు. మీ మావయ్య ఏనాడన్నా పనిలో నిలబడ్డాడా? నడుస్తూనే ఉండేవాడు."

"మరి నాకు చెప్పొచ్చుగా!"

"నువ్వు అడిగావా? నేను ఊళ్ళో లేనప్పుడు పెట్టి, అయిపోయిందన్నావు."

అది నా వంక చూసింది. కుంచె కడిగి పక్కన పెట్టింది. పళ్ళెంలో కాస్త తెల్ల రంగూ, కాస్త పసుపూ, కాస్త నీలం వేసి నా ముందు పెట్టింది. "అయితే నువ్వే పెట్టు. వేలు ముంచి పెట్టు."

వేలు తెలుపులో ముంచి, మధ్యలో కాకుండా దూరంగా, అవతలి అంచుకి దగ్గర్లో ఒక చుక్క పెట్టాను. అది తల. లేచి గుమ్మం దాకా వెళ్ళి చూశాను. తలే. వచ్చి దాని కింద రెండు చుక్కలు. మళ్ళీ గుమ్మం. భుజాలు సమంగా ఉన్నాయి, ఎవరో పరాయి మనిషి. వచ్చి ఎడమ చుక్కని వేలితో కొంచెం కిందికి లాగాను. మళ్ళీ వెళ్ళాను. అలా ఎన్ని సార్లు తిరిగానో, అది లెక్కపెట్టి నవ్వింది గానీ నాకు గుర్తులేదు. నీడకి నీలం ఒక్క చుక్క చాలన్నాను. వెనకాల ఎర్ర కాయల్లో ఆయన నడిచిన చాలు తిన్నగా దాని చేతే వేయించాను. నేను ఏరేసిన ఖాళీల్ని అది ఎరుపుతో పూడ్చింది. ఆ చోటు మిగతా దానికంటే కొంచెం ముదురుగా ఉంటుంది. దగ్గరికెళ్ళి చూసేవాళ్ళకి తెలుస్తుంది, తెలియనివ్వండి.

ఆఖరుసారి గుమ్మం దగ్గరికి వెళ్ళి తిరిగి చూశాను. పోతున్నాడు. వీపు మనవైపు పెట్టి, ఎడమ పక్కకి ఒరిగి, పాదాలు ఈడ్చుకుంటూ, తొందరేమీ లేనట్టు. పత్తి చేలో పెద్దావిడ చూపించిన మచ్చే. ముప్ఫై ఏళ్ళు తలెత్తి తలెత్తి చూసుకున్న మచ్చే.

ఆ సాయంత్రం బావగారికి మేనకోడలు ఫోన్లో బొమ్మ పంపింది. వెంటనే ఫోన్ చేశారు.

"అమ్మా, బొమ్మ బాగానే ఉంది గానీ తమ్ముడి ముఖం కనపడదేంటి? వచ్చినవాళ్ళు ఎవరి కూడిక అనుకుంటారు?"

"ఫోను దగ్గర పెట్టుకుని చూశారా బావగారూ? దూరంగా పెట్టి చూడండి."

ఫోను ఎక్కడో ఆనించి వెనక్కి నడుస్తున్న చెప్పుల చప్పుడు వినపడింది. "ట్యాంకు వీపున పెట్టుకుని వెళ్ళేటప్పుడు వాడు అచ్చం ఇట్టాగే పోయేవాడమ్మా" అన్నారు. ఫ్లెక్సీ ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కాబట్టి ఆదివారం మీ ముందర ఉండేది ఈ బొమ్మే. దగ్గరికొచ్చి ముఖం కోసం వెతక్కండి, అక్కడ ఏమీ ఉండదు. వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళకే ఆయన బాగా కనపడతాడు. ఆయన కూడా ఎప్పుడూ వెనక బెంచీలోనే కూర్చునేవాడు, ప్రసంగం పెద్దదైతే బయటికి పోవడానికి వీలుగా. పాస్టరు గారూ, ఏమీ అనుకోకండి.

చాలే అమ్మాయ్, ఇక ఆపు. చెయ్యి నొప్పి పుడుతున్నట్టుంది నీకు. ఇంతసేపూ నేను అన్నవి అన్నట్టే రాశావా, నీ చదువు నువ్వు కలిపావా? బొమ్మలో చేసినట్టు నేను లేనప్పుడు ఏదైనా చేసి అయిపోయిందంటే ఊరుకోను. నేను ఆ గుమ్మం దగ్గర కూర్చుంటాను. ఆయన ఎక్కడన్నా వేరే మనిషిలా వినపడితే చెయ్యెత్తుతాను, ఆగు. ఊఁ, మొదట్నుంచీ చదువు.